పక్కగది పెద్దవాళ్ళు

ఆ వేసవిలో మా భోజనాలబల్ల మీద ఇరవై రోజులపాటు ఒక ఓడ పరిచి ఉంది. నిజం ఓడ కాదు, దాని నక్షా. పదకొండు అంతస్తులకి పదకొండు కాగితాలు, ప్రతి కాగితం నిండా చీమలబారుల్లా గదుల నంబర్లు. మా అల్లుడు అచ్చు తీయించి తెచ్చాడు. అతను లిఫ్టుల మెకానిక్కు. ఎక్కడికి వెళ్ళినా ముందు లిఫ్టు ఎక్కడుందో చూసుకోకపోతే అతనికి ముద్ద దిగదు. అవి చూసుకున్నాక కాగితాలన్నీ నా ముందుకు తోశాడు.

"ఇక మీ చేతుల్లో పెట్టేశాం మావయ్యగారూ. ఇంట్లో డ్రాయింగు మాస్టారుండగా మేం బుర్ర బద్దలుకొట్టుకోవడం దేనికి?"

నేను ముప్ఫై రెండేళ్ళు పాలిటెక్నిక్‌లో ఇంజినీరింగు డ్రాయింగు చెప్పాను. రిటైరై నాలుగేళ్ళు. నా భార్య పోయి ఏడాది. అప్పటినుంచీ కూతురింట్లోనే ఉంటున్నాను. నాలుగేళ్ళ తర్వాత ఒక నక్షా నా ముందుకొచ్చి, అందరూ నా మాట కోసం చూడటం నాకు బాగుంది. పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను.

మా అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. వాళ్ళమ్మ మంచంలో ఉన్న ఏడాదిన్నరా డ్యూటీ దిగి మా ఇంటికొచ్చి మళ్ళీ డ్యూటీ చేసింది. ఆ తర్వాత కూడా సెలవంటూ పెట్టింది లేదు. ఇప్పటికి ఐదు రోజులు దొరికాయి.

"నాకు సముద్రం కనపడక్కర్లేదు నాన్నా," అంది తడిచేతులు తుడుచుకుంటూ నక్షా మీదికి వంగి. "కిటికీ లేకపోయినా సరే. ఐదు రోజులు నిద్రపోవాలి. అంతే."

"దానికి ఓడెందుకు? దుప్పటి చాలుగా," అన్నాడు అల్లుడు.

"ఆ దుప్పటి లాక్కునేది నువ్వేగా."

అందుకని అనుకున్న ఏర్పాటు ఇది. పక్కపక్కనే రెండు గదులు, మధ్యలో తలుపు. ఒకదాంట్లో వాళ్ళిద్దరూ, రెండోదాంట్లో పిల్లలిద్దరితో నేను. పెద్ద మనవరాలికి ఎనిమిదేళ్ళు. ఇంట్లో అందరం దాన్ని ప్లీడరు అంటాం. ఎవరేమన్నా అడ్డుప్రశ్న వేయకుండా వదలదు. చిన్నది బుడిగి, నాలుగేళ్ళది. నిద్రలో రెండుసార్లయినా లేచి ఏడవనిదే దానికి తెల్లవారదు. ఏడిస్తే నేను చూసుకుంటాను. మరీ అమ్మే కావాలంటే మధ్య తలుపు ఉండనే ఉంది.

గదుల కోసం నేను చాలా శ్రద్ధగా వెతికాను. ఆ మాట మాత్రం నిజం. ఓడ పొడుగునా ఒక గీత గీసి చూడండి. అలకి రెండు కొసలూ లేస్తాయి, పడతాయి, నడుమభాగం పెద్దగా కదలదు. కాబట్టి పిల్లలకి నడుమ ఉండాలి, వీలైనంత కింది అంతస్తులో. పైన వంటగది ఉండకూడదు, తెల్లవారకముందే బండ్లు దొర్లిస్తారు. కింద పాటల హాలు ఉండకూడదు. లిఫ్టుకి దగ్గరగా ఉండాలిగానీ ఎదురుగా కాదు. నక్షాలో ఏ పేరూ రాయకుండా తెల్లగా వదిలేసిన చోటు పక్కన అసలే వద్దు, చెప్పుకోలేని మోతలన్నీ అక్కడే ఉంటాయి. ఇవన్నీ చూసి, పైనా కిందా గదులే ఉన్న ఒక జంట దొరకబుచ్చుకున్నాను. రెండిటి మధ్యా గోడమీద చిన్న త్రిభుజం గుర్తు. మధ్య తలుపు ఉందని దానర్థం. టికెట్ల ఆఫీసుకి ఫోన్ చేస్తే మా పేరున పెట్టి, మూడురోజుల్లో వచ్చి ఖాయం చేసుకోమన్నారు.

మూడోరోజు ఒక్కణ్ణే వెళ్ళాను.

ఇక్కడ ప్లీడరు సంగతి ఇంకొంచెం చెప్పాలి. వాళ్ళ అమ్మమ్మ పోయినప్పటినుంచీ అది నా గదిలోనే పడుకుంటోంది. దీపం ఆర్పాక మొదలుపెడుతుంది.

"తాతయ్యా, నిద్రపోయావా?"

"పోయాను."

"మరెలా మాట్లాడుతున్నావ్?"

ఆ పిల్ల అంటే నాకు ప్రాణం. కానీ ఏడాదిగా నా ముఖానికి నాదంటూ ఒక గది లేదు. కాసేపు ఊరికే గోడ చూస్తూ పడుకుంటే, "అమ్మమ్మ గుర్తొచ్చిందా?" అని అడుగుతుంది. రాలేదంటే, "ఎందుకు రాలేదు?" అంటుంది.

ఆఫీసులో టికెట్లమ్మాయి తెరమీద నక్షా తిప్పుతుంటే, ఓడ ముందుకొసన సన్నగా, పెన్సిలు పెట్టెలో అరలాంటి గది ఒకటి కనిపించింది. ఒకటే మంచం. ఒక పెద్ద కిటికీ.

"ఇదేమిటమ్మా?"

"ఒంటరిగా వచ్చేవాళ్ళ కోసమండీ. ఓడ మొత్తంమీద ఆరే ఉన్నాయి. ఇది పొద్దున్నే ఎవరో వద్దంటే ఖాళీ అయింది. ఎవరికండీ?"

"నాకే," అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. వచ్చాక వెనక్కి తీసుకోలేదన్నది మాత్రం తెలుసు.

"అయితే జంట గదుల్లో ఒకటి వదిలేస్తారా? మిగతా నలుగురూ ఒక్కదాంట్లో పడతారు. పైనుంచి దిగే మంచాలు రెండున్నాయి. కాస్త ఇరుకవుతుంది." ఆ అమ్మాయి మంచిది. ఫోను నావైపు జరిపి, "ఇంట్లో ఒకసారి అడుగుతారా?" అంది.

"అక్కర్లేదమ్మా. మా అమ్మాయికి తెలుసు."

అది మొదటి అబద్ధం. అమ్మాయిని అడిగి ఉంటే, "అలాగే నాన్నా, నీకు కావాలంటే తీసుకో," అనే అనేది. అంటుందని తెలిసే అడగలేదేమో. అడిగితే అది నా కోరిక అవుతుంది. చెప్పకపోతే, ఎవరి తప్పూ కాకుండా దానంతటది జరిగిపోయినట్టుంటుంది.

ఇంటికొచ్చి చెప్పాను. "రెండోది అప్పటికే ఎవరో తీసేసుకున్నారు. ఒక్కటే దొరికింది."

"ఎవరు?" అంది ప్లీడరు వెంటనే.

"ఎవరో... ముసలివాళ్ళట. భార్యాభర్తలు."

"మనకెలా చెప్పారు? వేరేవాళ్ళ సంగతులు చెప్పకూడదుగా?"

"మాటల్లో వచ్చిందిలే."

ఆ ఇద్దర్నీ అలా పుట్టించాను. వట్టి 'ఎవరో' అని ఊరుకుంటే సరిపోయేది. కానీ అబద్ధానికి కాళ్ళూ చేతులూ ఉంటే నిలబడుతుందనిపించింది.

"మరి నువ్వెక్కడుంటావ్ నాన్నా?" అంది అమ్మాయి.

నక్షా తీసి, ముందుకొసన పెన్సిలు ఆనించాను. "ఇక్కడ ఒకటి మిగిలింది. ఊపు ఎక్కువ, పిల్లలు తట్టుకోలేరు. నాదేముంది, ఎలాగోలా సర్దుకుంటాను." కాగితం అంచున ఓడ బొమ్మ గీసి, నడుమ ఒక చుక్క పెట్టి, కొసలకి బాణాలు వేసి ఊపు ఎలా వస్తుందో వివరించాను కూడా. ఆ బొమ్మలో ఒక్క గీత కూడా తప్పు కాదు.

అమ్మాయి నా భుజంమీద చెయ్యి వేసింది. "నువ్వెప్పుడూ ఇంతే," అంది. ఆ గొంతులో ఉన్నది ప్రేమ. నేను పెన్సిలు చెక్కుకునే నెపంతో లేచి వంటింట్లోకి వెళ్ళాను.

*

ఓడ ఎక్కిన మర్నాటి ఉదయం నేను ఎనిమిదిన్నరకి లేచాను. రెండున్నరేళ్ళలో అంత నిద్ర ఎరగను. సముద్రం పరిచిన దుప్పటిలా ఉంది. నా గదికి ఊపూ లేదు, ఉలుకూ లేదు. కిటికీ నిండా ఎండ. నిజం చెప్పాలంటే, లేచిన మొదటి క్షణం నాకు ఎవరూ గుర్తురాలేదు. ఎంత హాయిగా అనిపించిందో!

టిఫిన్ల హాలులోకి వెళ్ళేసరికి మా వాళ్ళ బల్ల దూరాన్నుంచే కనిపించింది. బుడిగి రొట్టెముక్క పట్టుకుని తండ్రి ఒళ్ళో కునుకుతోంది. అమ్మాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమ్మా, నిద్ర పట్టలేదా?"

"పైమంచం చూసి దీనికి భయమేసింది నాన్నా. ఒకటే ఏడుపు. పక్కన ఆ పెద్దవాళ్ళున్నారు కదా, పాపం. గోడలు చూస్తే అట్టల్లా ఉన్నాయి. అందుకని ఎత్తుకుని బయట వరండాలో తిప్పాను."

"ఎంతసేపు?"

"ఈ చివరినుంచి ఆ చివరికి రెండొందల పన్నెండు అడుగులట," అన్నాడు అల్లుడు. "లెక్కపెట్టి మరీ చెప్పింది. మధ్యలో నేను తీసుకుంటానంటే అది నా దగ్గర ఊరుకోదుగా. దీనికన్నా ఆసుపత్రే నయం, అక్కడ కనీసం కుర్చీ ఉంటుంది."

అమ్మాయి నవ్వింది. టీ పోయడానికి వచ్చిన పనమ్మాయితో నన్ను చూపించి, "మా నాన్నకి కాస్త వేడిగా ఇవ్వండి. మాకోసం ముందువైపు గది తీసుకున్నారు, అక్కడ ఊపెక్కువ," అని చెప్పింది. ఆ పనమ్మాయి నన్ను అదోరకం గౌరవంతో చూసి, టీతోపాటు అడగకుండానే ఒక నారింజపండు వలిచి తెచ్చి పెట్టింది.

"కడుపులో తిప్పలేదు కదా నాన్నా?"

"లేదమ్మా. కొంచెం... అలవాటైపోతుందిలే."

ఆ 'కొంచెం' అన్నమాట ఎందుకన్నాను! నారింజ తొనలు ఒక్కొక్కటే మింగాను. వదిలేస్తే ఎందుకని అడుగుతారు.

మధ్యాహ్నం పైన కుర్చీల్లో కూర్చుని ఉంటే ప్లీడరు ఒక కాగితం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "తప్పులు చూడు తాతయ్యా."

కాగితం మీద ఇలా ఉంది. 'పక్కగది తాతగారికీ మామ్మగారికీ, నిన్న మా చెల్లి ఏడ్చింది. దానికి నాలుగేళ్ళే. చమించండి. ఈ రోజు ఏడవదు.' కింద ఓడ బొమ్మ. కిటికీలోంచి తొంగిచూస్తున్న రెండు తలలు, ఒక తలకి కళ్ళజోడు.

"ఎలా ఇస్తావ్?"

"మధ్య తలుపు కింద సందుంది. తోసేస్తాను."

అప్పుడే చెప్పొచ్చు. చుట్టూ ఎవరూ లేరు, గాలి హాయిగా ఉంది, పిల్ల నా మోకాలిమీద గడ్డం ఆన్చి చూస్తోంది. నేను జేబులోంచి పెన్సిలు తీసి 'చమించండి' కొట్టేసి, పైన 'క్షమించండి' అని రాసిచ్చాను. "ఇప్పుడు సరిగ్గా ఉంది," అన్నాను.

మూడోరోజు పొద్దున్నే మరో ఉత్తరం. కాసేపటికే మరొకటి. 'మీకు ఏమైనా కావాలంటే తలుపు కొట్టండి. మా అమ్మ నర్సు.' ఆ తలుపు దగ్గర పిల్ల మునివేళ్ళమీద నడుస్తోందనీ, నీళ్ళగ్లాసు బల్లమీద చప్పుడు కాకుండా పెట్టడం చెల్లెలికి నేర్పిస్తోందనీ అల్లుడు నవ్వుతూ చెప్పాడు. "ఆ ముసలాళ్ళెవరోగానీ మావయ్యగారూ, అదృష్టవంతులు. మా ఇంట్లో ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు."

మూడోరోజు భోజనాలైన తర్వాత గదిలో కాసేపు నడుం వాల్చమంటే అమ్మాయి ఒప్పుకోలేదు. "వద్దు నాన్నా, అది ఊరుకోదు. మధ్యాహ్నంపూట వాళ్ళూ పడుకుంటారు కదా, పెద్దవాళ్ళు," అని బుడిగిని చంకనేసుకుని పైకొచ్చేసింది. ఎండలో కూర్చోడానికి చోటు లేక మెట్లమీద కూర్చుంది. నేను బుడిగిని తీసుకుందామని చేతులు చాపాను. అది ముఖం తిప్పేసుకుంది. నా గదికి తీసుకెళ్ళనా అంటే ఒక్క మనిషి ఒత్తిగిలడానికే చోటులేని మంచం. నేనే ఎంచుకున్నది.

"వాళ్ళు జవాబు రాయట్లేదు," అంది ప్లీడరు ఆ పూట. "కోపమొచ్చి ఉంటుంది. అవునా?"

*

దాన్ని సరిదిద్దుదామనుకుని మరో పని చేశాను.

నాలుగోరోజు వాళ్ళందరూ భోజనానికి వెళ్ళినప్పుడు నా గదిలో ఓడవాళ్ళిచ్చిన కాగితం తీసి జవాబు రాశాను. కావాలని వంకరటింకరగా రాయబోయాను. ముప్ఫై రెండేళ్ళు నల్లబల్ల మీద అచ్చక్షరాలు దిద్దిన చెయ్యి, ఎంత ప్రయత్నించినా వంకర తిరగలేదు. 'పక్కగది పాపకి, మీ ఉత్తరాలు అందాయి. మాకు ఏ ఇబ్బందీ లేదు. మా ఇద్దరికీ చెవులు సరిగ్గా వినిపించవు. చెల్లిని హాయిగా ఏడవనివ్వండి. మీ అమ్మగారిని గదిలోనే పడుకోమనండి.' ఆ ఆఖరి వాక్యం కోసమే మిగతాదంతా. వరండాలో ఎవరూ లేకుండా చూసి మా వాళ్ళ గది తలుపు కింద తోసేశాను.

సాయంత్రం ఎండ వాలాక నేను రెయిలింగు పక్కన బెంచీమీద ఉన్నాను. అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. పిల్లల్ని తండ్రి లిఫ్టు చూపించడానికి తీసుకెళ్ళాడట. చేతిలో ఆ కాగితం.

"నీ రాత నాకు తెలీదా నాన్నా? పదో తరగతిదాకా నా పుస్తకాల అట్టలమీద ఉన్నది ఇదే రాత కదా."

దొరికిపోయాను అనుకున్నాను లోపల. తెలిసిపోయింది, ఇక చెప్పనక్కర్లేదు, అయిపోయింది.

"జవాబు రాలేదని అది ఎంత బెంగపెట్టుకుందో! ఇది చూసి ఎగిరి గంతేసి, అప్పుడే ఇంకో ఉత్తరం రాసి తోసేసింది," అంది. "దానికి చెప్పలేదులే. వాళ్ళే రాశారనుకుంటోంది. అమ్మ ఉంటే ఇలాంటిదే ఏదో చేసేది. నువ్వు చేస్తావనుకోలేదు."

నేను ఆ కాగితం తీసుకుని, మడతపెట్టి ఆమె చేతికే ఇచ్చేశాను.

"కానీ పాపం, నిజంగా వాళ్ళకి చెవులు వినపడతాయో లేదో మనకేం తెలుసు? ఇంకొక్క రోజేగా. ఎలాగో బయటే తిప్పుకుంటాను," అంటూ నా భుజంమీద తల వాల్చింది. రెండు నిమిషాల్లో ఊపిరి బరువెక్కింది. నిద్రపోయింది.

సూర్యుడు నీళ్ళలోకి దిగేదాకా భుజం కదల్చకుండా కూర్చున్నాను. చెయ్యి తిమ్మిరెక్కి, మొద్దుబారి, నాది కాకుండా పోయింది. ఆ ఐదు రోజుల్లో నేను నా కూతురికిచ్చిన నిద్ర ఆ అరగంటే.

*

దిగాల్సిన ఉదయం పెట్టెలు మోయడానికి వాళ్ళ గదికి వెళ్ళాను. అల్లుడూ పిల్లలూ చిన్న సంచులు పట్టుకుని అప్పటికే కిందికి వెళ్ళిపోయారు. అమ్మాయి గది తలుపు వేస్తుండగా, గదులు సర్దే ఆయన దుప్పట్ల బండి తోసుకుంటూ వచ్చాడు. నా వయసే ఉంటుంది. మొలకి తాళంచెవుల గుత్తి. జేబులోంచి మడతపెట్టిన కాగితాలు తీశాడు.

"అమ్మా, ఇవి మీ పాపవేనా? పక్కగదిలో తలుపు కింద పడున్నాయి. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి, పారేయబుద్ధి కాలేదు. దాచి ఉంచాను."

"అయ్యో, వాళ్ళు తీసుకోలేదా?" అంది అమ్మాయి. "దిగిపోయారా అప్పుడే?"

"ఎవరమ్మా?"

"పక్కగదిలో పెద్దవాళ్ళు."

"ఇందులోనా? ఇందులో ఎవరూ లేరే." ఆయన తాళం తిప్పి తలుపు తోశాడు. దుప్పట్లు లేని రెండు పరుపులు. మడత విప్పని తువ్వాళ్ళు. గోడకి మధ్య తలుపు, దానికి అడ్డగడియ. "మొదట ఈ రెండు గదులూ మీ పేరు మీదే ఉన్నాయి కదమ్మా. ఇదిగో, నా జాబితాలో. తర్వాత మీరే ఇది వద్దన్నారని కొట్టేశారు. ఒక్కమాట నాతో అనుంటే మధ్య తలుపు తీసిపెట్టేవాణ్ణి. ఊరికే ఖాళీగా ఉందిగా."

అమ్మాయి ఆ జాబితా చూసింది. గదిలోకి చూసింది. నావైపు చూడలేదు. ఉత్తరాలు నాలుగూ ఆయన చేతిలోంచి తీసుకుని, అంచులు సరిచేసి, చేతిసంచిలో లోపలి అరలో పెట్టి జిప్పు లాగింది.

"చాలా థాంక్సండీ," అంది ఆయనతో. తర్వాత పెట్టె పిడి పట్టుకుని, "నాన్నా, గదిలో కళ్ళజోడు మర్చిపోలేదు కదా?" అంది.

"లేదమ్మా."

"అయితే పద. వాళ్ళు చూస్తుంటారు."

రెండొందల పన్నెండు అడుగుల వరండా. నా ముందు ఆమె, ఆమె వెనక నేను. చక్రాల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు.

*

ఇంటికొచ్చిన మర్నాడు అమ్మాయి ప్లీడరు మంచాన్ని నా గదిలోంచి తీయించి హాల్లో సోఫా పక్కన వేయించింది.

"ఎందుకూ?" అంది ప్లీడరు.

"తాతయ్యకి విశ్రాంతి కావాలి."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నేను వెతికి వెతికి చూశాను, లేదు. జ్వరం వచ్చినవాడి గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆ తర్వాత బుడిగిని కాస్త చూడమనిగానీ, పాలు తెమ్మనిగానీ నన్ను అడగలేదు. నేనే లేచి వెళితే, "నువ్వు కూర్చో నాన్నా, నేను చూసుకుంటాను," అనేది. భోజనానికి పిలిచేది. మందులు వేసుకున్నావా అని అడిగేది. డ్యూటీలో ఉన్నప్పుడు ఎవరినైనా అలాగే అడుగుతుంది కాబోలు. నా గది తలుపు మూసుకుంటే మళ్ళీ తెరిచేవాళ్ళు లేరు. నేను కోరుకున్నదంతా దొరికింది.

అల్లుడికి ఏమీ తెలియదు. ఇంటికి ఎవరొచ్చినా, "మావయ్యగారు మాకోసం ముందుకొసన గది తీసుకున్నారండీ, ఊపులో," అని చెబుతూనే ఉన్నాడు. అతనలా చెబుతున్నప్పుడల్లా వంటింట్లో గిన్నెల చప్పుడు కాస్త పెరిగేది. అంతకుమించి అమ్మాయి నన్ను ఎవరి ముందూ బయటపెట్టలేదు.

బడులు తెరవబోతుండగా ప్లీడరు బూటు పట్టీ తెగింది. బాగుచేయించడానికి తానే నన్ను చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళింది. వీధి మలుపులో చెప్పులు కుట్టే ఆయన సూదికి దారం ఎక్కిస్తూ, "పది నిమిషాలు కూర్చోండి," అన్నాడు. బెంచీమీద కూర్చున్నాం. పిల్ల ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో కాళ్ళు ఊపుతోంది.

"తాతయ్యా, పక్కగది పెద్దవాళ్ళకి ఇంకో ఉత్తరం రాద్దామా? ఓడవాళ్ళకి పంపిస్తే వాళ్ళు పంపిస్తారు కదా? అమ్మనడిగితే నీళ్ళు తాగుతూ ఉండిపోయింది, ఏమీ చెప్పలేదు."

అంటే అమ్మాయి దానిక్కూడా చెప్పలేదు. ఉత్తరాలు నాలుగూ ఆ సంచిలోనే ఉన్నాయి. నా పరువు జిప్పు వేసి దాచిపెట్టి, దాన్ని రోజూ భుజాన మోసుకుంటూ డ్యూటీకి వెళ్ళొస్తోంది.

"వాళ్ళు లేరమ్మా," అన్నాను.

"పోయారా?" అంది కళ్ళు పెద్దవి చేసి.

"పోవడం కాదు. అసలు లేరు. ఆ గది ఖాళీ. అది మనదే. నువ్వూ చెల్లీ నేనూ ఉండాల్సింది అందులోనే. నేను వద్దని చెప్పి వేరే గది తీసుకున్నాను. ఇంట్లో అబద్ధం చెప్పాను."

చెప్పులు కుట్టే ఆయన తల ఎత్తలేదు. సూది తోలులోంచి వచ్చినప్పుడల్లా చిన్న చప్పుడు వినిపిస్తోంది. ప్లీడరు కాళ్ళు ఊపడం ఆపేసింది.

"మరి జవాబు?"

"నేనే రాశాను."

"చెల్లి ఏడుస్తుంటే అమ్మ బయట తిరిగిందిగా?"

"ఊఁ."

"నీకు తెలిసీ?"

"తెలిసీ."

అది చాలాసేపు నావైపు చూసింది. కోపం కాదు. లెక్క తేలనప్పుడు పలకవైపు చూసే చూపు.

"నువ్వొక్కడివే అక్కడ ఏం చేశావ్?"

"కిటికీ దగ్గర కూర్చున్నాను," అన్నాను.

"ఏం కనిపించింది?"

"నీళ్ళు."

"అంతేనా?"

"అంతే."

ఆయన బూటు తుడిచి ఇచ్చాడు. పిల్ల వేసుకుని, నేల మీద రెండుసార్లు తన్ని చూసుకుంది. మా వీధి మొదట్లో ఆగి, "అమ్మకి తెలుసా?" అంది.

"తెలుసు."

"నాన్నకి?"

"తెలీదు."

"నేను చెప్పను," అంది. కాస్త ఆలోచించి, "నువ్వు చెప్పు," అంది.

ఇంటికొచ్చేసరికి అల్లుడు హాల్లో స్టూలెక్కి కరెంటు స్విచ్చు ఏదో విప్పుతున్నాడు. ఆదివారం అతని ఆటవిడుపు అదే. "వచ్చారా మావయ్యగారూ! ఆ చిన్న స్క్రూడ్రైవరు అందివ్వండి. ఇదిగో చూడండి, మొన్న మా ఆఫీసులో మీ ఓడ గది కథ చెబితే అందరూ..."

స్క్రూడ్రైవరు అందించాను. అతను తీసుకున్నాక కూడా నేను చెయ్యి దించలేదు. ప్లీడరు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఆ గది గురించి నీకొకమాట చెప్పాలి," అన్నాను. "కాస్త దిగు బాబూ."

అతను నవ్వుతూనే దిగాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నేను ఊపిరి తీసుకున్నాను. వంటింట్లో కొళాయి ఆగింది.